బడి గోడ మీద మన పాలమూరు, నల్లగొండ పెద్దలు: ఎవరి బొమ్మలు వేయిద్దాం?

బడిగంట | ఆదివారం, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. నేను వనపర్తి జిల్లాలో ఒక సర్కారు హైస్కూల్లో తెలుగు చెప్తాను. మా బడికి ఈ ఏడాది కొత్త ప్రహరీ గోడ కట్టారు. రోడ్డు వైపు గోడకు రంగులు, బొమ్మలు వేయిస్తామని పూర్వ విద్యార్థులు ముందుకొచ్చారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య మొత్తం ఆరు ఖాళీలున్నాయి. గాంధీ, అంబేడ్కర్, సావిత్రీబాయి ఫూలే బొమ్మలు లోపల వరండాలో ఉన్నాయి. కాబట్టి బయటి గోడ మీద మన దక్షిణ తెలంగాణ వాళ్లనే వేయిద్దామని స్టాఫ్ మీటింగ్‌లో అన్నాను. హెడ్‌మాస్టర్ గారు సరేనన్నారు, బాధ్యత నాకే అప్పగించారు.

పేర్లు రాసుకుందామని కూర్చుంటే అరగంటలో పదిహేడు వచ్చాయి. ఆరే ఖాళీలు. పైగా ఒక్కో బొమ్మ కింద రెండు వాక్యాలకే చోటుంది. ఆరో తరగతి పిల్ల చదివి, ఇంటికి పోయి అవ్వకు చెప్పగలిగేంత తేలికగా ఉండాలి ఆ రెండు వాక్యాలు. 'మహనీయుడు', 'ఆదర్శప్రాయుడు' లాంటి మాటలు వద్దు. ఆ మనిషి ఏం చేశాడో తెలియాలి.

పాత మహబూబ్‌నగర్, పాత నల్లగొండ జిల్లాల వాళ్లు ఎవరైనా సరే, పేరు చెప్పి ఆ రెండు వాక్యాలు కూడా మీరే రాసివ్వండి. పెయింటర్ వచ్చే ఆదివారం వస్తాడు.

నీలగిరి | ఆదివారం, ఉదయం 8:15

సార్, మా జిల్లా నుంచి మొదటి పేరు రావి నారాయణరెడ్డి గారు. ఇందులో మరో మాటే లేదు.

1908లో భువనగిరి దగ్గర బొల్లేపల్లిలో పుట్టారు. భూస్వాముల కుటుంబం. ఆయన మాత్రం భూమి లేనివాళ్ల వైపు నిలబడ్డారు. 1941లో చిలుకూరులో, 1944లో భువనగిరిలో జరిగిన ఆంధ్ర మహాసభలకు (నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంఘం) ఆయనే అధ్యక్షులు. భువనగిరి సభ తర్వాత మహాసభ ఊళ్లలోకి, కూలోళ్లలోకి వెళ్లింది. పల్లెల్లో దాన్ని 'సంగం' అన్నారు. మా తాత చనిపోయేదాకా 'సంగం రోజులు' అనే అనేవాడు, సాయుధ పోరాటం అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ మీద ఇక్కడ నిషేధం ఉండటంతో పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో నల్లగొండ లోక్‌సభకు పోటీ చేశారు. 3 లక్షల పైచిలుకు ఓట్లు వచ్చాయి. నెహ్రూ గారి కంటే ఎక్కువ.

నా రెండు వాక్యాలు: "దొరల ఇంట పుట్టి వెట్టి చేసేవాళ్ల పక్షాన నిలిచాడు. దేశంలోని మొదటి ఎన్నికల్లో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నాడు."

డిండి_నీళ్లు | ఆదివారం, ఉదయం 9:02

నీలగిరి అన్నా, ఒక అనుమానం. అప్పట్లో నల్లగొండ ఇద్దరు సభ్యుల నియోజకవర్గం కదా? ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. మరి నెహ్రూ గారితో పోల్చడం సరైనదేనా?

నీలగిరి | ఆదివారం, ఉదయం 9:20

మంచి ప్రశ్న తమ్ముడూ. నిజమే, రెండో స్థానం రిజర్వుడు, అందులో సుంకం అచ్చాలు గారు గెలిచారు. కానీ నెహ్రూ గారు పోటీ చేసిన అలహాబాద్ వైపు స్థానం కూడా ఇద్దరు సభ్యులదే. అక్కడా ఓటరుకు రెండు ఓట్లే. కాబట్టి పోలిక సరిగ్గానే ఉంటుంది.

మూసీ_ఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 12:40

సంగం గురించి మాట్లాడుతున్నారు కాబట్టి ఆడవాళ్ల పేర్లు కూడా రావాలి. నేను ఇద్దరిని చెప్తాను.

చాకలి ఐలమ్మ. పాలకుర్తి ఇప్పుడు జనగామ జిల్లా, ఈ మధ్య దాకా వరంగల్ జిల్లా. కానీ పోరాటం జరిగినప్పుడు జనగామ తాలూకా మొత్తం నల్లగొండ జిల్లాలోనే ఉంది. 1946 జులై 4న సంగం కార్యకర్త దొడ్డి కొమురయ్య నేలకొరిగిన కడవెండి కూడా అంతే. కాబట్టి ఆమె మన గోడకు పరాయిది కాదు. కౌలుకు తీసుకున్న నాలుగెకరాల్లో పండిన పంటను విసునూరు దొర మనుషులు కోసుకుపోవడానికి వస్తే, సంగం అండతో ఆ పంటను తన ఇంటికే చేర్చుకుంది. ఆ దొర మీద కోర్టులో కూడా నిలబడింది. హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఇప్పుడు ఆమె పేరే.

రెండో పేరు మల్లు స్వరాజ్యం. తుంగతుర్తి దగ్గర కరివిరాల కొత్తగూడెం. భీమిరెడ్డి నర్సింహారెడ్డి గారి చెల్లెలు. సాయుధ దళంలో ఉన్నప్పుడు ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారు. అప్పటికి ఇరవై ఏళ్లు కూడా లేవు. తర్వాత 1978లో, 1983లో తుంగతుర్తి ఎమ్మెల్యే. 2022 మార్చిలో కన్నుమూస్తే, ఆమె కోరిక ప్రకారం భౌతికకాయాన్ని నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఈ చివరి విషయం పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ఆమె చివరి సంతకం కూడా మన జిల్లాలోనే పెట్టింది అనిపిస్తుంది నాకు.

ఐలమ్మకు నా రెండు వాక్యాలు: "తాను పండించిన నాలుగెకరాల పంటను దొరకు ఇవ్వలేదు. ఆ పంట ఆమె ఇంటికి చేరడంతో ఊళ్లలో భయం పోయింది."

తుంగభద్ర | ఆదివారం, రాత్రి 9:30

బడిగంట సార్, మీరు వనపర్తిలో ఉండి కూడా సురవరం ప్రతాపరెడ్డి గారి పేరు ఇంకా రాలేదంటే నాకు మనసు ఒప్పుకోవడం లేదు. వనపర్తి నుంచి 1952లో హైదరాబాద్ శాసనసభకు గెలిచింది ఆయనే.

1896 మే 28న పుట్టారు. సొంతూరు ఇటిక్యాలపాడు, ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా. కర్నూలు, హైదరాబాదు, మద్రాసుల్లో చదివారు. 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నిజాం రాజ్యంలో సర్కారు భాష ఉర్దూ, కచేరీల్లో ఉర్దూ, బడుల్లో ఉర్దూ. తెలుగులో మాట్లాడితే సభలో కేకలేసి కూర్చోబెట్టిన కాలం. అలాంటప్పుడు తెలుగు పత్రిక నడపడమంటే వార్తలు రాయడం నుంచి ప్రూఫులు దిద్దడం దాకా అన్నీ మీద వేసుకోవడమే. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగితే అధ్యక్షుడు ఆయనే. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకు 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అప్పటికి ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు తెలుగు విశ్వవిద్యాలయానికి కూడా ఆయన పేరు పెట్టారు.

ఒక్క బొమ్మే వేయగలం అంటే ఆయనదే వేయాలి.

బడిగంట | ఆదివారం, రాత్రి 10:10

తుంగభద్ర గారూ, ఆయన పేరు నా పదిహేడులో మొదటిదే. నేను రాయనిది ఎందుకంటే నాకు రెండు వాక్యాలు కుదరడం లేదు.

రావి నారాయణరెడ్డి గారు పోరాడారు, ఐలమ్మ పంట ఇవ్వలేదు. పిల్లలకు కళ్లకు కడుతుంది. సురవరం గారు? పత్రిక పెట్టారు, పుస్తకం రాశారు. నిన్న ఏడో తరగతిలో చెప్పి చూశాను. ఒక పిల్లాడు లేచి, "పుస్తకం రాస్తే ఏమైతది సార్?" అన్నాడు. వాడు ఎగతాళికి అడగలేదు, తెలుసుకోవాలనే అడిగాడు. నాలుగు మాటలు చెప్పాను గానీ, నా జవాబు నాకే తృప్తిగా లేదు. రాత్రంతా అదే ఆలోచన.

పాత_పుస్తకం | సోమవారం, ఉదయం 5:45

బడిగంట సార్, నేను ముప్పై ఏళ్లు లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. మీ పిల్లాడి ప్రశ్నకు జవాబు నాకు తెలిసిన ఒకే ఒక కథలో ఉంది. కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

నైజాం ఇలాకాలో తెలుగు కవులు లేనే లేరని ఒక పండితుడు రాశాడు. అంటే ఇక్కడి లెక్క సున్న. ఆ మాటకు గోలకొండ పత్రిక సంపాదకుడికి కోపం రావడం సహజం. మనమైతే ఏం చేస్తాం? నాలుగు ఘాటు వ్యాసాలు రాస్తాం, వాళ్లు తిరిగి రాస్తారు, నెలకు చల్లబడుతుంది. ఆయన అలా చేయలేదు. ఉన్నారో లేరో లెక్క తీద్దామనుకున్నాడు. కవులు తమ పద్యాలు, తమ వివరాలు పంపాలని కోరాడు. ఊరూరి నుంచి వచ్చాయి. గద్వాల, వనపర్తి, కొల్లాపురం, ఆత్మకూరు లాంటి సంస్థానాల పండితులవి మాత్రమే కాదు, ఎక్కడో మూలన బడిపంతులుగా, పట్వారీగా బతుకుతూ రాత్రిపూట దీపం ముందు పద్యం రాసుకున్న వాళ్లవి కూడా. 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. అందులో 354 మంది కవులు.

సున్న అన్నచోట 354. ఆ తర్వాత ఆ వాదన మళ్లీ ఎవరూ తేలేదు.

మా లైబ్రరీలో ఆ సంచిక ఉండేది. అట్ట పోయి, పాత క్యాలెండర్ కాగితంతో కుట్టించిన ప్రతి. ఒక మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు, ధోవతి, చేతిలో గొడుగు. ఆ పుస్తకం ఉందా అమ్మా అని అడిగాడు. తీసిస్తే నిలబడే పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగి వేలు పెట్టి, "మా నాయన" అన్నాడు. అంతే అన్నాడు. ఆ వేలు చాలాసేపు అక్కడే ఉంది. ఆ కవి రాసిన పుస్తకం ఇంకేదీ అచ్చు కాలేదట, ఇంట్లో ఉన్న తాటాకులు, కాగితాలు వాననీళ్లకు పోయాయట. ఆయన కవి అనడానికి లోకంలో మిగిలిన సాక్ష్యం ఆ పేజీ ఒక్కటే. జిరాక్సు తీయించి ఇస్తానంటే వద్దన్నాడు, "ఇక్కడ ఉంది కదా, చాలు" అని వెళ్లిపోయాడు.

మీ పిల్లాడికి ఇది చెప్పండి సార్. పేరు రాయకపోతే మనిషి లెక్కలోకి రాడు. రాస్తే తొంభై ఏళ్ల తర్వాత కూడా కొడుకు వచ్చి వేలు పెట్టి చూపించగలడు.

నా రెండు వాక్యాలు: "ఇక్కడ తెలుగు కవులే లేరని ఒకరంటే కోప్పడి ఊరుకోలేదు. ఊరూరి నుంచి 354 మంది పేర్లు, పద్యాలు తెప్పించి అచ్చువేసి చూపించాడు."

తుంగభద్ర | సోమవారం, ఉదయం 7:30

మేడం, చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను. మా నాయన కూడా పద్యాలు రాసేవాడు. మేము దాచలేదు.

మూసీ_ఒడ్డు | సోమవారం, ఉదయం 8:05

మేడం, సాంఘిక చరిత్ర గురించి కూడా రెండు మాటలు చెప్పండి. నేను ఇంటర్‌లో చదివాను గానీ అప్పుడు పరీక్ష కోసమే చదివాను.

పాత_పుస్తకం | సోమవారం, ఉదయం 10:20

చెప్తానమ్మా. రాజు ఎవరు, యుద్ధం ఏ సంవత్సరం, ఎవరు గెలిచారు అన్నదే చరిత్ర అనుకునే రోజుల్లో, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, పిల్లలు ఏం ఆటలు ఆడారు అని అడిగిన పుస్తకం అది. ఇవి ఏ శాసనంలో దొరుకుతాయి? అందుకని కావ్యాల్లో వెతికాడు. పాల్కురికి సోమనాథుడి దగ్గర, శ్రీనాథుడి చాటువుల్లో, క్రీడాభిరామంలో, హంసవింశతిలో. పండితులు అలంకారాలు చూసే చోట ఆయన అంబలి చూశాడు, గొంగడి చూశాడు, సంతలో బేరం చూశాడు.

బళ్లో చేయగలిగిన పని ఒకటి చెప్తాను. ఆ పుస్తకంలో పిల్లల ఆటల పేర్లు ఉన్న పేజీలు జిరాక్సు తీసి పిల్లలకు ఇవ్వండి. వాటిలో మీ ఊళ్లో ఇంకా ఆడుతున్నవి ఏవి, అవ్వలకు మాత్రమే గుర్తున్నవి ఏవి, ఎవరికీ తెలియనివి ఏవి అని అడిగి రాసుకురమ్మనండి. నేను ఒక వేసవి శిబిరంలో చేయించాను. పిల్లలు పుస్తకంలో లేని ఆటలు కూడా తెచ్చారు, చిర్రగోనెలోనే (గిల్లీదండా) మూడు రకాల లెక్కలు చెప్పారు.

కిన్నెర_మెట్టు | సోమవారం, రాత్రి 8:50

అందరికీ దండాలు. మాది నాగర్‌కర్నూల్ వైపు పల్లె. మీరు చెప్పిన వాళ్లందరి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక బాధ చెప్పుకుంటాను, తప్పుగా అనుకోవద్దు.

ఇప్పటిదాకా వచ్చిన పేర్లలో ఐలమ్మ, కొమురయ్య తప్ప మిగిలిన వాళ్లంతా చదువుకున్న ఇండ్లవాళ్లు, భూములున్న ఇండ్లవాళ్లు. మీ బడికి వచ్చే పిల్లలు ఎవరు సార్? కూలోళ్ల పిల్లలు, గొర్లు కాసేవాళ్ల పిల్లలు, వలస పోయి వచ్చే పాలమూరు లేబర్ పిల్లలు. వాళ్ల తాతముత్తాతలు ఎవరూ పద్యం రాసి గోలకొండ పత్రికకు పోస్టు చేయలేదు, వాళ్లకు రాయడమే రాదు. అంతమాత్రాన వాళ్ల దగ్గర ఏమీ లేదా?

పండుగ సాయన్న పేరు మా దిక్కు ముసలోళ్లందరికీ తెలుసు. ఉన్నోళ్లను కొట్టి లేనోళ్లకు పెట్టినోడు. ఆయన కథను పుస్తకం కాపాడలేదు, కిన్నెర కాపాడింది. పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆ కథ పాడిన దర్శనం మొగిలయ్య గారిది లింగాల మండలం అవుసలికుంట. 2022లో పద్మశ్రీ ఇచ్చారు.

ఆ కిన్నెరను దగ్గర్నుంచి చూశారా ఎవరైనా? నేను చిన్నప్పుడు చూశాను. పొడుగాటి వెదురు బొంగు. కింద ఎండబెట్టిన సొరకాయ బుర్రలు. బొంగు మీద మెట్లు మైనంతో అతికించి ఉంటాయి. చివర ఒక పిట్ట బొమ్మ, పాటకు తగ్గట్టు తల ఊపుతుంది. మేము కథ కంటే ఆ పిట్టను చూడటానికే ముందు వరసలో కూర్చునేవాళ్లం. కథ మాత్రం తెలియకుండానే చెవిలో పడేది. సాయన్నను పట్టుకునే ఘట్టం వచ్చేసరికి పెద్దోళ్లు బీడీలు ఆర్పేసేవాళ్లు.

ఆ గోడ మీద కిన్నెర ఉండాలి సార్.

డిండి_నీళ్లు | సోమవారం, రాత్రి 9:25

కిన్నెర అన్నా, మీ మాట న్యాయమే. కానీ సాయన్న కథలో ఎంత నిజం, ఎంత పాట అన్నది ఎలా తేల్చడం? బడి గోడ మీద రాసేటప్పుడు రుజువు ఉన్నదే రాయాలి కదా.

పాత_పుస్తకం | మంగళవారం, ఉదయం 6:15

డిండి బాబూ, పాటలో చెప్పినవన్నీ జరిగినవే అని రాయనక్కర్లేదు. కానీ తరతరాలుగా ఇంతమంది ఆ పాట పాడుకున్నారు, విన్నారు అన్నది మాత్రం కాదనలేని నిజం. జనం ఏ మనిషిని గుర్తుపెట్టుకోవాలనుకున్నారో అది చెప్తుంది. సురవరం గారు కావ్యాల నుంచి జనజీవితాన్ని తీసినట్టే, ఈ పాటల నుంచి కూడా తీయవచ్చు.

కిన్నెర తమ్ముడి బాధ నిజమైనది. ఆ 354 పేర్లలో రాయగలిగిన వాళ్లే ఉన్నారు. రాయలేని వాళ్ల సంచిక ఇంకా అచ్చు కాలేదు.

నీలగిరి | మంగళవారం, ఉదయం 7:40

చదువు విషయం వచ్చింది కాబట్టి మా జిల్లా నుంచి ఒకాయన్ని గుర్తుచేస్తాను. రావిచెట్టు రంగారావు గారు. 1877లో నల్లగొండ జిల్లా దండంపల్లిలో పుట్టారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఆయన ఇంట్లోనే మొదలైంది. కొమర్రాజు లక్ష్మణరావు గారు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారు తోడున్నారు. తెలంగాణలో గ్రంథాలయ ఉద్యమానికి అదే మొదటి అడుగు. పుస్తకాలు అచ్చువేయడానికి 1906లో వచ్చిన విజ్ఞాన చంద్రికా మండలి వెనుక కూడా వీళ్లే. రంగారావు గారు 1910లోనే పోయారు, చిన్న వయసులోనే.

మునగాల గురించి ఒక విశేషం. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో మునగాల పరగణా మాత్రం బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లాలో భాగం. కాబట్టి ఇక్కడ అడ్డంకులున్న పనులు అక్కడ కొంత తేలిక.

అలాగే 1922లో నల్లగొండ నుంచే షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు నీలగిరి పత్రిక నడిపారు. గోలకొండ పత్రిక కంటే నాలుగేళ్లు ముందు. నా పేరు అందుకే ఇలా పెట్టుకున్నాను.

మూసీ_ఒడ్డు | మంగళవారం, ఉదయం 8:30

పాలమూరు నుంచి బూర్గుల రామకృష్ణారావు గారు, హైదరాబాద్ కొత్వాల్ (నగర పోలీసు పెద్ద) రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు మిగిలిపోయారు. బూర్గుల 1952లో హైదరాబాద్ రాష్ట్రానికి ఎన్నికైన మొదటి ముఖ్యమంత్రి, 1931 దేవరకొండ ఆంధ్ర మహాసభకు అధ్యక్షులు. కొత్వాల్ గారిది వనపర్తి వైపు రాయణిపేట, 1918లో రెడ్డి హాస్టల్ పెట్టించారు. ఇద్దరూ పెద్దవాళ్లే. కానీ వాళ్లకు చోటు దొరుకుతుంది, పేర్లు ఎలాగూ పుస్తకాల్లో ఉన్నాయి. మన ఆరు ఖాళీలు చిన్నవి.

చిటికి_నూలు | మంగళవారం, మధ్యాహ్నం 2:15

నేను పోచంపల్లి కోడలిని. మా ఊరనగానే అందరూ భూదానం అంటారు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే గారు వచ్చారు, దళితులు 80 ఎకరాలు అడిగారు, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలిస్తానని లేచి నిలబడ్డారు. అది పెద్ద విషయమే. కానీ నేను వేరే పేరు చెప్పడానికి వచ్చాను: చింతకింది మల్లేశం గారు, ఆలేరు దగ్గర శారాజిపేట.

ఆసు పోయడం అంటే ఏంటో మగ్గం లేని ఇళ్లవాళ్లకు తెలియదు. చిటికి (ఇక్కత్) చీరకు నూలును రంగులద్దే ముందు ఒక లెక్క ప్రకారం సర్దాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా వరసగా మేకులు. నూలు పట్టుకుని చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఒక్క చీరకే వేల సార్లు. మా అత్తమ్మ కుడి చెయ్యి భుజం దాకా లేచేది కాదు. దువ్వెన ఎడమ చేత్తో పట్టేది. జడ నేనే వేసేదాన్ని. మా వాడలో ఆ వయసు ఆడవాళ్లందరిదీ అదే తీరు. ఇది ఆడవాళ్ల పని, దీనికి కూలి లెక్క కూడా విడిగా ఉండేది కాదు.

మల్లేశం గారు వాళ్లమ్మ పడే ఆ నొప్పి చూసి యంత్రం చేయాలని మొదలుపెట్టారు. ఇంజినీరింగ్ చదవలేదు, బడి మధ్యలోనే ఆగిపోయింది. ఏళ్ల తరబడి తిప్పలు పడి 1999లో పూర్తి చేశారు. దానికి వాళ్లమ్మ పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వచ్చింది.

మా ఇంట్లో యంత్రం వచ్చిన రోజు అత్తమ్మ దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. అది తిరుగుతుంటే చూస్తూ కుడి భుజం నిమురుకుంది. ఏమీ అనలేదు.

నా రెండు వాక్యాలు: "అమ్మ చెయ్యి నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశాడు. ఎందరో అమ్మల భుజాలకు విశ్రాంతి ఇచ్చాడు."

కిన్నెర_మెట్టు | మంగళవారం, మధ్యాహ్నం 3:00

అక్కా, నేను అడిగింది ఇదే. ఇలాంటి పేరే.

తుంగభద్ర | మంగళవారం, రాత్రి 9:10

అలంపూర్ నుంచి ఒక పేరు చెప్పి ఆపేస్తాను. గడియారం రామకృష్ణ శర్మ గారు. అలంపూర్ నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల నాటివి, పన్నెండు, పదమూడు వందల ఏళ్లవి. ఆ శాసనాలు చదివి, వాటి విలువ లోకానికి చెప్పడానికి జీవితమంతా వెచ్చించారు. ఆయన ఆత్మకథ శతపత్రానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది, అదీ ఆయన పోయాకే, 2007లో.

శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వెనక్కి తన్నినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూర్ తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు ఆ గుడి గోడల దగ్గర నిలబడితే అది ఇక్కడిది కాదని ఎవరూ అనుకోరు. పిల్లల్ని ఒకసారి తీసుకురండి సార్, చూపించడానికి నేను వస్తాను.

బడిగంట | గురువారం, రాత్రి 10:30

అందరికీ చేతులెత్తి నమస్కారం. మూడు రోజులు మీరు రాసినవన్నీ ప్రింట్ తీసి స్టాఫ్ రూమ్‌లో పెట్టాను. ఈరోజు మీటింగ్ పెట్టి నిర్ణయించాం.

మొదటి ఖాళీలో సురవరం ప్రతాపరెడ్డి, మేడం గారి రెండు వాక్యాలు అక్షరం మార్చకుండా. తర్వాత రావి నారాయణరెడ్డి, ఐలమ్మ. నాలుగో దాంట్లో మనిషి బొమ్మ లేదు, పన్నెండు మెట్ల కిన్నెర ఉంటుంది, చివర పిట్టతో సహా. పండుగ సాయన్నకు ఫోటో లేదు కాబట్టి ముఖం ఊహించి వేయడం వద్దనుకున్నాం. కింద "ఈ కిన్నెర మీద పండుగ సాయన్న కథ పాడేవారు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు గుర్తుందేమో అడగండి" అని రాయిస్తున్నాం. ఐదోది మల్లేశం గారి ఆసు యంత్రం, దాని పక్కన కూర్చున్న అమ్మ. మల్లు స్వరాజ్యం గారికి గోడ మీద చోటు చాలలేదు. మా గర్ల్స్ క్లబ్‌కు ఆమె పేరు పెట్టాలని అమ్మాయిలే అడిగారు, పెట్టేశాం. రావిచెట్టు రంగారావు గారి ఫోటో మా లైబ్రరీ గదిలోకి వస్తుంది. అలంపూర్ టూర్‌కు సంక్రాంతి తర్వాత తేదీ చూస్తున్నాం, తుంగభద్ర గారూ, మాట తప్పకండి.

ఆరో ఖాళీ గురించి చెప్పాలి. "పుస్తకం రాస్తే ఏమైతది" అని అడిగిన పిల్లాడికి నిన్న మేడం రాసిన పెద్దాయన సంగతి చదివి వినిపించాను. వాడు కాసేపు ఊరుకుని, "సార్, మన ఊరి సంచిక ఉందా?" అన్నాడు. లేదన్నాను. "మరి మన ఊరి లెక్క కూడా సున్ననే కదా" అన్నాడు.

కాబట్టి ఆరోది బొమ్మ లేకుండా తెల్లగా ఉంచుతున్నాం. పైన మూడు గడులు: పేరు, వాడ, ఏం చేశారు. పిల్లలు ఇంటింటికీ పోయి అడిగి నోట్‌బుక్‌లో రాసుకొస్తున్నారు. ఇద్దరు టీచర్లు సరిచూసిన తర్వాతే గోడ మీదికి ఎక్కుతుంది. మొదటి రోజే ఒక మంత్రసాని వచ్చింది, ఊళ్లో సగం మంది ఆమె చేతుల మీదే పుట్టారట. కరువులో బావి తవ్విన వడ్డెర అన్నదమ్ములు వచ్చారు. బతుకమ్మకు పాడిన పాట మళ్లీ పాడకుండా రాత్రంతా పాడే ముసలమ్మ వచ్చింది, ఆమె పాటల్ని ఫోన్‌లో రికార్డు చేస్తున్నారు.

పాత_పుస్తకం | శుక్రవారం, ఉదయం 5:30

సార్, ఆ నోట్‌బుక్ నిండాక ఒక జిరాక్సు నాకు పంపండి. బైండింగ్ ఖర్చు నాది. అట్ట గట్టిది వేయిస్తాను. ఒక ప్రతి మీ బడిలో, ఒకటి మండల లైబ్రరీలో ఉండాలి. పిల్లలకు ఒక మాట చెప్పండి, పేరు పక్కన తండ్రి పేరుతో పాటు తల్లి పేరు కూడా రాయమనండి.

బడిగంట | ఆదివారం, సాయంత్రం 6:20

మేడం, తల్లి పేరు గడి కూడా కలిపించాను. పెయింటర్ పొద్దున్నే వచ్చాడు. సురవరం గారి ముఖం, కళ్లద్దాలు పూర్తయ్యాయి, కిన్నెరకు రేపు రంగులు వేస్తాడు. పిట్ట ఏ రంగు ఉండాలో కిన్నెర తమ్ముడు చెప్తే బాగుంటుంది.

పిల్లల నోట్‌బుక్‌లో ఇవాల్టికి 41 పేర్లు. ఆరో ఖాళీలో అక్షరాలు చిన్నవి చేసినా అన్నీ పట్టేలా లేవు. పక్కనున్న గేటు స్తంభానికి కూడా తెల్ల రంగు వేయమన్నాను.

కిన్నెర_మెట్టు | ఆదివారం, సాయంత్రం 6:45

నేను చూసింది ఆకుపచ్చ సార్. ముక్కు ఎరుపు.